హస్తవాసి పుట్టుకతో రాదు తల్లీ, నేర్చుకుంటే వస్తుంది

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ముందరేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, కాన్పు చేయడం చేతికి ఎట్లా వస్తుంది అని. పోయిన నెల మంత్రసానుల గురించి నాలుగు మాటలు రాశాను కదా, అందుకేమో. తిరుపతి, చిత్తూరు లేబర్ రూముల్లో ముప్పై ఏళ్లకి పైన స్టాఫ్ నర్సుగా చేసి, ఆఖర్న నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైర్ అయినదాన్ని, ఈ విషయం వస్తే నేను ఆగలేను. అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా, మోకాళ్ల నొప్పులు, థైరాయిడ్ గురించి అడిగినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. మా అవ్వ మంత్రసాని. ఊళ్లో నలభై దాటినవాళ్లలో చాలామందిని ఆమే పట్టుకుంది, ఆమె హస్తవాసి మంచిదని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఇంటర్ బైపీసీ సెకండియర్. నాకు ఆ పనే నేర్చుకోవాలని ఉంది. అమ్మ వద్దంటోంది, మనల్ని గడప బయట నిలబెట్టిన పని మళ్లా నీకెందుకు అంటోంది. అవ్వ దగ్గర నేర్చుకుంటే సరిపోతుందా, కోర్సు చేయాల్సిందేనా?

జవాబు: ముందు మీ అమ్మ మాటకి జవాబు చెప్పి నీ దగ్గరికొస్తా. మీ అమ్మ చెప్పింది నిజం. నా చిన్నప్పుడు నేనే చూశా, నొప్పులు మొదలైతే అర్ధరాత్రయినా లాంతరు పట్టుకుని పరిగెత్తి మంత్రసానిని పిలుచుకొచ్చేవాళ్లు, నట్టింట్లోకి తీసుకుపోయేవాళ్లు, పురిటి స్నానం అయిపోతానే ఆమె మళ్లా గడప అవతలే, చాటలో బియ్యం, ఒక పాత చీర, కాస్త చిల్లర. బిడ్డని మొదట పట్టుకున్న చేతులకి ఆ ఇంట్లో మంచినీళ్లిచ్చే గ్లాసు వేరే. అదంతా గుర్తున్న మనిషి కూతుర్ని అదే పనికి పంపమంటే ఎట్లా పంపుతుంది? అమ్మతో వాదులాడొద్దు. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పాసయి నర్సింగ్ కౌన్సిల్‌లో పేరెక్కితే నర్సు, మిడ్‌వైఫ్ రెండూ కలిపే రిజిస్ట్రేషన్ ఇస్తారని చెప్పు. నీ పేరు మీద నంబర్ ఉంటుంది, జీతం ఉంటుంది, నిన్ను గడప బయట నిలబెట్టే వాళ్లుండరు.

కోర్సు చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా కాన్పు చేయడం నీకూ ప్రమాదమే, అంతకన్నా ఎక్కువ ఆ తల్లికి. మన ఆంధ్రాలో 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో నూటికి 96 కాన్పులకి పైనే ఆస్పత్రుల్లో జరిగాయి, అంటే మీ అవ్వ చేసిన పని ఇప్పుడు మీ ఊరి ఇళ్లల్లో లేదు, ఆస్పత్రిలోకి మారిపోయింది. ఇంకో లెక్క కూడా విను. అదే సర్వేలో మన రాష్ట్రంలో 42.4 శాతం సిజేరియన్లు. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, దాన్ని నేను చిన్నచూపు చూడను, కానీ నూటికి 42 మందికి కడుపు కోయాల్సిన అవసరం ఉందంటే నేనొప్పుకోను. మామూలు కాన్పుని ఓపిగ్గా పక్కన కూర్చుని చివరిదాకా నడిపించే మనుషులు లేబర్ రూముల్లో తక్కువైపోయారు, ఆ కొరత నీలాంటివాళ్లే తీర్చాలి.

దార్లు చెప్తా. ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. నీది బైపీసీ కాబట్టి బీఎస్సీకే ప్రయత్నం చెయ్, తిరుపతిలోనే స్విమ్స్ నర్సింగ్ కాలేజీ ఉంది. ఏ కాలేజీకి వెళ్లినా ఫీజు గురించి అడిగేముందు ఒక్కటి అడుగు, మీ పిల్లల్ని కాన్పుల పోస్టింగ్‌కి ఎక్కడికి పంపుతారు, అక్కడ రోజుకి ఎన్ని కాన్పులవుతాయి అని. బిల్డింగ్ అద్దాల్లా మెరుస్తా ఉండి కాన్పులు లేని ఆస్పత్రికి పంపే కాలేజీ నీకొద్దు. మన మెటర్నిటీ ఆస్పత్రిలాగా పగలూ రాత్రీ కాన్పులయ్యే చోట నెల రోజులుంటే, పుస్తకం ఏడాది చదివినా రానిది వస్తుంది. తర్వాత ఇంకో మెట్టుంది, 2018 డిసెంబర్‌లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకి గైడ్‌లైన్స్ తెచ్చింది, కాన్పుల అనుభవం ఉన్న జీఎన్ఎం, బీఎస్సీ నర్సులకి 18 నెలల ట్రైనింగ్ ఇచ్చి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని తయారుచేస్తారు. నీ చూపు అక్కడ పెట్టుకో.

మరి అవ్వ సంగతా? అవ్వ దగ్గర కూర్చోవాలి, తప్పకుండా కూర్చోవాలి. బొడ్డు దేంతో కోసేదానివి అవ్వా అని అడక్కు, ఆ కాలంలో చేతికి దొరికిన దాంతో కోశారు, బొడ్డుకి పేడా బూడిదా పెట్టారు, ధనుర్వాతంతో ఎంతమంది పసిబిడ్డలు పోయారో, 2015లో గానీ మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతం నుంచి బయటపడలేదు. నువ్వు అడగాల్సింది వేరే. దొంగ నొప్పులకీ నిజం నొప్పులకీ తేడా తల్లి ముఖం చూసే ఎట్లా కనిపెట్టేదానివి? అరుపు ఎప్పుడు మూలుగులోకి మారుతుంది? భయంతో బిగుసుకుపోయిన పిల్లని ఎట్లా నడిపించేదానివి, దూలానికి తాడు కట్టి పట్టుకోమనేవాళ్లు కదా, గొంతుక్కూర్చోబెట్టేవాళ్లు కదా, ఎందుకు? ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తల్లికి నచ్చిన భంగిమలో కననివ్వమనే చెప్తోంది. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. మీ అవ్వ హస్తవాసి ఆకాశంలోంచి ఊడిపడింది కాదు, వందల కడుపులు తడిమి, వందల రాత్రులు పక్కన కూర్చుంటే వచ్చింది.

ప్రశ్న: మేడమ్, చిత్తూరులో జీఎన్ఎం థర్డ్ ఇయర్. పీవీ (వేళ్లు లోపల పెట్టి గర్భసంచి నోరు ఎంత తెరుచుకుందో చూసే పరీక్ష) చెయ్యమంటే చెయ్యి వణుకుతుంది, 4 సెంటీమీటర్లో 6 సెంటీమీటర్లో తెలీదు, తిడతారని నోటికొచ్చిన నంబర్ చెప్పేస్తున్నా. పేషెంట్ల మీద చెయ్యగా చెయ్యగా అదే వస్తుంది అంటున్నారు సీనియర్లు. నిజమేనా?

జవాబు: నువ్వు నిజం రాశావు చూడు, అందుకు నీ మీద నమ్మకం కుదిరింది. కానీ రేపట్నుంచి నోటికొచ్చిన నంబర్ చెప్పడం మానెయ్. నువ్వు 6 అన్నావని డాక్టరమ్మ ఒక మందు ఆపొచ్చు, ఇంకోటి మొదలుపెట్టొచ్చు. "నాకు తెలీలేదు మేడమ్, ఒక్కసారి చూడండి" అను, తిట్లు పడితే పడనీ, తిట్టు సాయంత్రానికి పోతుంది.

చెయ్యగా చెయ్యగా వస్తుందన్న మాట సగం నిజం. కానీ పేషెంట్ ఒళ్లు మన పలక కాదమ్మా, రాసి చెరిపి నేర్చుకోడానికి. ఒక తల్లికి ఒక్కరోజులో ఏడెనిమిది మంది స్టూడెంట్లు వరసగా చెయ్యి పెట్టడం చూశాను నేను, ఆ పిల్ల గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని పడుకుంది, ఆ ముఖం ఇప్పటికీ నాకు కళ్లముందే ఉంది. నొప్పులు బాగా అందుకున్నాక మామూలుగా 4 గంటలకొకసారి చూస్తే చాలు, ప్రతి పీవీతోనూ లోపలికి ఇన్ఫెక్షన్ వెళ్లే అవకాశం ఉంటుంది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కనిపెట్టింది ఇదే, ఒకే ఆస్పత్రిలో రెండు కాన్పుల వార్డులుంటే మంత్రసానులు చూసే వార్డు కన్నా డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు చూసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు, కారణం వెతికితే శవాలు కోసిన చేతులతోనే వచ్చి పరీక్ష చేస్తున్నారు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు, చావులు తగ్గిపోయాయి. సబ్బుతో చేతులు కడగడం 40 నుంచి 60 సెకన్లు, గడియారం చూసి కడిగితే గానీ అది ఎంత సేపో తెలీదు.

మరి చేతికి ఎట్లా రావాలి? ఇంట్లో మొదలుపెట్టు. గట్టి అట్టముక్క తీసుకో, స్కేల్‌తో కొలిచి 1 సెంటీమీటర్ నుంచి 10 దాకా గుండ్రటి కన్నాలు కోసుకో, వెనక నంబర్లు రాయి. చెల్లెల్నో రూమ్మేట్‌నో నంబర్ దాచి నీ చేతికిమ్మను, నువ్వు కళ్లు మూసుకుని రెండు వేళ్లు పెట్టి ఎంత వెడల్పో చెప్పు, తప్పయితే మళ్లా. రోజుకి పది నిమిషాలు, మూడు వారాలు. నా దగ్గర చదివిన పిల్లలు బస్సులో కూడా దుప్పట్టా కింద అట్ట పెట్టుకుని చేసేవాళ్లు. గర్భసంచి నోరు గట్టిగా ఉంటే ముక్కు కొన తడిమినట్టుంటుంది, మెత్తబడితే పెదవి తడిమినట్టుంటుంది, నీ ముఖం నీ దగ్గరే ఉంది కదా, తడిమి చూసుకో. నొప్పి బలం కూడా అంతే, పొట్ట మీద చెయ్యేసి చూస్తే కొద్దిపాటి నొప్పికి ముక్కు కొనలాగా, మధ్యరకానికి గడ్డంలాగా, బాగా బలమైన నొప్పికి నుదుర్లాగా తగుల్తుంది. పది నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లుంది, ఇది పక్కన కూర్చుని చెయ్యేసి చూస్తే గానీ తెలీదు, ఫోన్ చూస్తా కూర్చుంటే రాదు.

బిడ్డ గుండె వినడం ఇంకోటి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ 140కి పెట్టుకుని విను, తర్వాత 100కి దించి విను, చెవికి తేడా అలవాటవుతుంది. వార్డులో పినార్డ్ గొట్టం చెవికి పెట్టినప్పుడు ఇంకో చేత్తో తల్లి మణికట్టు నాడి పట్టుకో, రెండూ ఒకేలా కొట్టుకుంటా ఉంటే నువ్వు వింటున్నది తల్లి గుండె, బిడ్డది కాదు. నొప్పి తగ్గుతానే ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టు, పదిహేను సెకన్లు విని నాలుగుతో గుణించే అలవాటు చేసుకోవద్దు. నొప్పులు బాగా అందుకున్నాక అరగంట దాటకుండా, ముక్కే దశలో ప్రతి ఐదు నిమిషాలకి.

ఇవన్నీ ఒక ఎత్తు, రక్తం కొలవడం ఒక ఎత్తు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నా, అందుకే వివరంగా రాస్తా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆస్పత్రి పేరు వద్దు, నైట్ డ్యూటీ. రెండో కాన్పు, సులభంగా అయింది, మాయ పడింది, ఆమె నవ్వుతా ఉంది, బిడ్డని చూసుకుంటా ఉంది. ముదురు మెరూన్ చీర మడత పెట్టి కింద వేశారు. నేను కేస్ షీట్‌లో రక్తస్రావం మామూలే అని రాసి పక్క బెడ్ దగ్గరికి పోయా. ధారగా పడితే ఎవరికైనా కనిపిస్తుంది, అది సన్నగా కారతా ఉంది, మెరూన్ గుడ్డలో ఏం కనిపిస్తుంది? అరగంటకి ఆయమ్మ వచ్చి "సిస్టర్, ఆమె ఆవలిస్తా ఉంది, దాహం దాహం అంటోంది" అంది. పోయి పొట్ట మీద చెయ్యేస్తే గర్భసంచి పూరీ పిండిలాగా మెత్తగా ఉంది. చీర ఎత్తితే బరువు. పిండితే బేసిన్‌లోకి కారింది. అప్పుడు పెద్ద సిస్టర్ వచ్చి గర్భసంచి రుద్దడం, మూత్రం తీయడం, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు, సెలైన్ అన్నీ ఒక్కసారే మొదలుపెట్టింది, తెల్లారే లోపల మూడు బాటిళ్ల రక్తం ఎక్కించారు. బతికింది. ఆయమ్మ రాకపోయి ఉంటే? ఆ ప్రశ్న నేను ఇప్పటికీ వేసుకుంటా.

మన కన్ను రక్తాన్ని ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం అని పుస్తకంలో చదువుతారు, 500 అంటే అర లీటర్ పాల ప్యాకెట్, అది గుడ్డ మీద పోస్తే ఎట్లా ఉంటుందో ఎంతమంది చూశారు? నువ్వు చూడు. ఒక పాత చీర, ఒక ప్యాడ్, ఒక తువ్వాలు తీసుకో. కుంకుమ కలిపిన నీళ్లు కొలిచి 100, 250, 500 పోసి చూడు, తెల్లగుడ్డ మీద, ముదురు రంగు గుడ్డ మీద. ఫ్రెండ్స్‌ని పిలిచి ఎంతుందో చెప్పమను, నువ్వే ఆశ్చర్యపోతావ్. కొలత గీతలున్న ప్లాస్టిక్ షీట్ తల్లి కింద వేసి, గట్టిగా పోతా ఉంటే చేయాల్సిన పనులన్నీ ఒకదాని ఫలితం కోసం ఆగకుండా ఒకేసారి చేస్తే ఎంత తేడా వస్తుందో 2023లో ఆఫ్రికాలో 4 దేశాలు, 80 ఆస్పత్రుల్లో చేసిన పరిశోధనలో తేలింది, తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల జరిగే ఆపరేషన్లూ మరణాలూ కలిపి లెక్కేస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందేం కాదు, ఉన్న మందులే. కొలిచారు, తొందరగా కనిపెట్టారు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటర్‌కి పైనే రక్తం పోతా ఉంటుందమ్మా, మనకున్న టైం నిమిషాలే.

కాబట్టి బిడ్డ పుట్టిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి, మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ఉందా అని చెయ్యేసి చూడ్డం, తర్వాత రెండు గంటలు ప్రతి పదిహేను నిమిషాలకి మళ్లా చూడ్డం, మూత్రం పోసుకుందా అని అడగడం, నిండిన మూత్రసంచి గర్భసంచిని ముడుచుకోనివ్వదు. ముదురు రంగు గుడ్డ కింద వెయ్యనివ్వొద్దు. మాయ పడితే బకెట్‌లో పడెయ్యకుండా ట్రేలో పరిచి చూడు, తల్లివైపు ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయా, పొర చిరిగి లోపలేమన్నా ఉండిపోయిందా, బొడ్డుతాడులో మూడు రక్తనాళాలు ఉన్నాయా. కాన్పు కాన్పుకీ మాయని చూసే నర్సు చేతికి అందరికన్నా ముందే పని తెలుస్తుంది.

ఒకటి మర్చిపోయా. చెయ్యి పెట్టే ముందు ఆమె పేరు పిలువు, ఏం చేయబోతున్నావో చెప్పు, నొప్పి వస్తా ఉంటే ఆగు. వణికే చెయ్యి అయినా పర్లేదు, చెప్పకుండా పెట్టిన చెయ్యిని మాత్రం ఏ తల్లీ మర్చిపోదు.

ప్రశ్న: అమ్మా నమస్తే, నేను పలమనేరు వైపు ఆశా వర్కర్ని. పోయిన నెల రాత్రి ఒక చెల్లిని ఆటోలో తీసుకుపోతా ఉంటే దార్లోనే కాన్పయింది. నేను బిడ్డని తుడిచి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి చీర కప్పా. అత్త ఒకటే గోల, ఆటో డ్రైవర్ దగ్గర బ్లేడుంది బొడ్డు కోసెయ్ అని. నేను కొయ్యలేదు. 108 వచ్చేదాకా అట్లాగే పట్టుకున్నా. తల్లీబిడ్డ బాగున్నారు. కానీ అత్త ఇప్పటికీ నాకేం తెలీదని ఊరంతా చెప్తోంది. నేను చేసింది తప్పా?

జవాబు: చెల్లీ, ఆ అత్తకి ఈ పేజీ చదివి వినిపించు. నువ్వు చేసిందే సరి. గడ్డం గీసుకునే బ్లేడుతో కోసి ఉంటే ఇప్పుడు మనం వేరే సంగతి మాట్లాడుకుంటా ఉండేవాళ్లం. బిడ్డ తల్లి మీద ఉన్నంతసేపు బొడ్డుతాడు కొయ్యకపోతే కొంప మునిగేదేం లేదు, కొట్టుకుంటా ఉన్న తాడులోంచి బిడ్డకి ఇంకాస్త రక్తం కూడా చేరుతుంది, ఆస్పత్రిలో కూడా ఇప్పుడు నిమిషం నుంచి మూడు నిమిషాలు ఆగే కోస్తాం.

ఇంకోసారి ఇట్లాంటిది వస్తే, రాకూడదనే కోరుకుంటా కానీ వస్తే, 108కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టు. బండి ఆపించు, పోతా ఉన్న ఆటోలో కాన్పు వద్దు. తల కనిపిస్తా ఉంటే గట్టిగా ముక్కమనకు, ఊదమను, పొయ్యి ఊదినట్టు, తల మెల్లగా రావాలి, అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచు, లాగొద్దు. బొడ్డుతాడు మెడకి చుట్టుకుని వదులుగా ఉంటే తల మీదుగా తప్పించు. పుట్టగానే పొడిగుడ్డతో గట్టిగా తుడువు, ఆ తడిగుడ్డ పడేసి ఇంకో పొడిగుడ్డ కప్పు, తలకి కూడా. ఏడవకపోతే వీపు మీద రుద్దు, నోరు తుడిచి తర్వాత ముక్కు తుడువు. తలకిందులుగా పట్టుకుని కొట్టడం సినిమాల్లో చూసి నేర్చుకున్నారు మనవాళ్లు, అది చెయ్యొద్దు. అప్పటికీ ఊపిరి లేకపోతే తల తిన్నగా పెట్టి, నీ నోటితో బిడ్డ నోరూ ముక్కూ కలిపి మూసి, బుగ్గల్లో పట్టినంత గాలే మెల్లగా ఊదు, ఛాతీ లేస్తా ఉందా చూస్తా. మొదటి నిమిషం చాలా విలువైంది, అందుకే ట్రైనింగ్‌లో బొమ్మ మీద చేయించినప్పుడు సిగ్గుపడకుండా చెయ్యాలి.

మాయని లాగొద్దు, అదే పడితే కవర్‌లో పెట్టి బిడ్డ పక్కనే తీసుకుపో. పడ్డాక బొడ్డు కింద గర్భసంచి గుండ్రంగా తగుల్తుంది, మెత్తగా ఉంటే గట్టిపడేదాకా రుద్దు, బిడ్డకి రొమ్ము పట్టించు, దానివల్ల కూడా గర్భసంచి ముడుచుకుంటుంది. బిడ్డకన్నా ముందు బొడ్డుతాడు బయటికొస్తే మాత్రం ఆమెని మోకాళ్ల మీద వంచి, తల కిందికీ పిరుదులు పైకీ పెట్టించి పరుగు తియ్యాల్సిందే. కాళ్లూ చేతులూ కొట్టుకుంటా గుర్రపువాతం వస్తే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టు, నోట్లో చెంచా, తాళాలు, ఏమీ పెట్టొద్దు. కళ్లు మసకగా ఉన్నాయి, తల పగిలిపోతోంది అని ఏ చూలాలు చెప్పినా ఆ రోజే బీపీ చూపించు.

సంచిలో ఇవి పెట్టుకో, రెండు జతల గ్లౌజులు, సీల్ తియ్యని బ్లేడు, క్లిప్పులు, ఉతికి ఎండలో ఆరేసిన రెండు కాటన్ గుడ్డలు, సబ్బుముక్క, టార్చి. ఫోన్ టార్చి నమ్ముకోవద్దు, ఫోన్ 108 వాళ్లతో మాట్లాడ్డానికి కావాలి.

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి, కొర్లగుంట. నా భార్యకి తొమ్మిదో నెల. నేను లేబర్ రూమ్‌లో ఆమె పక్కన ఉండొచ్చా? మా వాళ్లు నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనీ బాబూ. సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు టైంలో తోడు ఉండొచ్చని 2016లోనే కేంద్రం చెప్పింది. కానీ ఒకే గదిలో పక్క పక్కన బెడ్లు, పరదా లేకపోతే మిగతా ఆడవాళ్ల కోసం మగవాళ్లని ఒప్పుకోరు, అందులో న్యాయం ఉంది, అప్పుడు ఆమె అమ్మనో అక్కనో పంపించు. ముందే వెళ్లి అడుగు, నొప్పులొచ్చాక గేటు దగ్గర గొడవ పడితే ఉపయోగం లేదు. నిన్ను ఒప్పుకుంటే నీ పని ఇది, నడుము కింద అరచెయ్యి ఆనించి నొప్పి వచ్చినప్పుడల్లా గట్టిగా నొక్కి పట్టుకోవడం, మధ్యలో గుక్కెడు నీళ్లు, మజ్జిగ తాగించొచ్చా అని సిస్టర్‌ని అడిగి తాగించడం, మూత్రానికి తీసుకుపోవడం, నడిపించడం. సలహాలివ్వొద్దు. ఇంట్లో ఇప్పట్నుంచే నడుం నొక్కడం ప్రాక్టీస్ చెయ్, ఎక్కడ నొక్కితే బాగుందో ఆమే చెప్తుంది.

ప్రశ్న: తల్లీ, నగరి నుంచి రాస్తున్నా, మనవరాలు పుట్టబోతోంది. పుట్టిన వెంటనే స్నానం చేయించకూడదంట, తేనె నాకించకూడదంట, బాలింతకి నీళ్లు ఎక్కువ ఇవ్వొచ్చంట. మేమంతా అట్లా పెరిగినవాళ్లమే కదా.

జవాబు: పెద్దమ్మా, బతికిన మనం మాట్లాడుకుంటున్నాం, పోయినవాళ్లు చెప్పలేరు కదా. స్నానం ఒక రోజు ఆగండి, బిడ్డ ఒళ్లు చల్లబడకూడదు, ఆ తెల్లటి జిడ్డు చర్మానికి మంచిదే. గంటలోపు ముర్రుపాలు, తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు. బొడ్డుకి పసుపు, ఆముదం ఏమీ వద్దు, పొడిగా వదిలెయ్యండి. నీళ్లు తాగనివ్వకపోతే పాలెట్లా వస్తాయి? పత్యం పేరుతో పప్పూ ఆకుకూరా మానిపించొద్దు. మీ వెల్లుల్లి కారం, మీ కాయం, మీ వేడినీళ్ల స్నానం మాత్రం మానక్కర్లేదు, నా కూతురికి నేనూ చేశా.

ప్రశ్న: అక్కా, నేను చిత్తూరు జిల్లాలో ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. ఒకప్పుడు మా దగ్గర నెలకి ఇరవై కాన్పులయ్యేవంట, ఇప్పుడు రెండు మూడు. అందరూ టౌన్‌కే పోతున్నారు. నేర్చుకున్నదంతా చేతులు మర్చిపోతున్నాయి, ఇంక కాన్పు వస్తే భయమేస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: భయమేస్తోందని ఒప్పుకున్నావు, చాలామంది ఆ భయంతోనే ప్రతి కేసునీ రిఫర్ చేసేసి ఊపిరి పీల్చుకుంటారు, ఆ పిల్ల మాత్రం నొప్పుల్తో ముప్పై కిలోమీటర్లు అంబులెన్స్‌లో కుదుపులు తింటా పోతుంది. బీపీ ఎక్కువున్నా, రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాముల కన్నా తక్కువున్నా, ఎదురుకాళ్లయినా, పాత సిజేరియన్ అయినా పంపించాల్సిందే, ఆలోచించకు, కానీ అన్నీ బాగున్న రెండో కాన్పుని నువ్వు చెయ్యగలగాలి.

కాన్పులు లేకపోతే చెయ్యి పనిలో ఉంచే దారి డ్రిల్. వారంలో ఒక రోజు మధ్యాహ్నం ఓపీ అయిపోయాక, నువ్వూ ఏఎన్ఎం ఆయమ్మా ముగ్గురే చాలు. ఒక వారం బిడ్డ ఊపిరి తియ్యట్లేదు అనుకుని బొమ్మ మీద అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి), "ఊపిరి... రెండు... మూడు" అని పైకి అంటా నొక్కు, ఆ లయ వస్తే నిమిషానికి నలభై దాకా పడతాయి, ఛాతీ లేస్తోందా అని ఏఎన్ఎం చూస్తా చెప్పాలి. ఇంకో వారం రక్తస్రావం, ఆయమ్మ పడుకుంటుంది, కుంకుమ నీళ్ల గుడ్డ కింద ఉంటుంది, ఎవరు గర్భసంచి రుద్దాలి, ఎవరు ఇంజెక్షన్ తియ్యాలి, ఎవరు ఫోన్ చెయ్యాలి ముందే అనుకోండి. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో ఉందా, ఎక్స్‌పైరీ డేట్ ఎంత, ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరుంది? మా దగ్గర ఒకసారి డ్రిల్‌లో తేలింది, తాళం ఇంటికి పోయిన ఫార్మసిస్ట్ జేబులో ఉందని. ఆయమ్మని తప్పకుండా కలుపుకో, ఆ రాత్రి నా పేషెంట్‌ని కాపాడింది ఆయమ్మే అని పైన రాశాను కదా. మెడికల్ ఆఫీసర్‌ని అడిగి ఆర్నెల్లకొకసారి పదిరోజులు పెద్దాస్పత్రి లేబర్ రూమ్‌లో పోస్టింగ్ వేయించుకో, కాగితం మీద రాసివ్వు, నోటితో అడిగితే మర్చిపోతారు.

డ్రిల్ మొదలుపెట్టినప్పట్నుంచి మొదటి ఇంజెక్షన్ చేతిలోకి వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లేబర్ రూమ్ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసిపెట్టు. మూడు నెలలయ్యాక ఆ నంబర్లన్నీ నాకు పంపించు, వచ్చే ఉత్తరాల్లో నీది ముందు తెరుస్తా.